కాల్షియం మాత్రకు ముందు కంచం లెక్క

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఈమధ్య ఒక వార్త వచ్చింది. కాల్షియం మాత్రల వల్ల ఎముకలకు ఒరిగేదేమీ లేదనీ, పైగా గుండెపోటు ముప్పు పెరుగుతుందనీ దాని సారాంశం. పంపింది డాలస్‌లో ఉంటున్న మా పిన్ని కూతురు. "అమ్మా, పెద్దమ్మా, మీరంతా ఇవి వెంటనే ఆపేయండి" అని కింద రాసింది. మర్నాటికల్లా మా వైపు పెద్దవాళ్ళు చాలామంది మాత్రలు పక్కన పెట్టేశారు. ఏళ్ళ తరబడి వేసుకుంటున్న మందు ఒక్క మెసేజ్‌తో ఆగిపోయింది.

అదే రోజుల్లో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఉచిత ఎముకల పరీక్ష శిబిరం జరిగింది. కుర్చీలో కూర్చోబెట్టి, మడమను చిన్న మెషీన్‌లో పెట్టించి, రెండు నిమిషాల్లో అంకె రాసిన చీటీ చేతికిచ్చారు. ఎముకలు బాగున్నాయన్న మాట విని బయటికొచ్చినవాళ్ళు నాకు కనబడలేదు. ముప్పై ఏళ్ళ అమ్మాయికీ, డెబ్బై ఏళ్ళ ఆవిడకీ ఒకే మాత్ర రాశారు. చీటీ అడుగున ఆ మాత్ర పేరు ముందే అచ్చువేసి ఉంది.

ఒకరు అందరినీ మానేయమంటున్నారు, ఇంకొకరు అందరినీ వేసుకోమంటున్నారు. ఈ ఇద్దరూ వదిలేసిన ప్రశ్న ఒకటే: ఈ మనిషి రోజూ ఏం తింటోంది? కాల్షియం మాత్ర అవసరమో కాదో తేల్చేది ముందు కంచం, ఆ తర్వాతే మాత్ర డబ్బా. డాక్టర్లు, వార్తలు రాసేవాళ్ళు, మనం, అందరం ఈ వరస తిప్పేశామని నాకు బలంగా అనిపిస్తోంది.

అమెరికాలో ఒక జవాబు, ఫ్రాన్స్‌లో ఇంకొకటి

"కాల్షియం మాత్రలు దండగ" అనే వార్తలు చాలావరకు ఒక పెద్ద అధ్యయనం దగ్గరికే వెళ్ళి ఆగుతాయి. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో జరిగింది. 50 నుంచి 79 ఏళ్ళ మధ్య ఉన్న 36,282 మంది స్త్రీలను రెండుగా విడదీసి, సగంమందికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 400 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు. ఏడేళ్ళు చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. తుంటి ఎముక సాంద్రత ఒక శాతం మెరుగైంది, కానీ విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కిడ్నీలో రాళ్ళు మాత్రం 17 శాతం పెరిగాయి.

ఇంతవరకే చదివితే మా చెల్లెలు చెప్పింది నిజమే. కానీ అదే పేపర్లో ఇంకో అంకె ఉంది, వార్తల్లోకి అది రాదు. ఆ స్త్రీలు అధ్యయనంలో చేరేనాటికే తిండి నుంచీ, సొంతంగా వేసుకునే మాత్రల నుంచీ కలిపి రోజుకు సుమారు 1150 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకుంటున్నారు. పాలు, చీజ్, యోగర్ట్ రోజూ ఉండే ఇళ్ళు వాళ్ళవి. నిండిన చెరువులో బిందెడు నీళ్ళు పోసి మట్టం పెరగలేదని అనుకోవడం లాంటిదది.

ఇప్పుడు 1992కి, ఫ్రాన్స్‌కి వెళ్దాం. అక్కడి వృద్ధాశ్రమాల్లో ఉన్న 3,270 మంది స్త్రీల మీద ఇలాంటి పరీక్షే చేశారు. సగటు వయసు 84. వాళ్ళ తిండిలో కాల్షియం రోజుకు 500 మిల్లీగ్రాముల చిల్లర. ఎండ పొడ తగలక విటమిన్ డి కూడా అడుగంటింది. 1200 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల డి ఇస్తే ఏడాదిన్నరలో తుంటి ఎముక విరగడం 43 శాతం తగ్గింది. లోటున్న చోట అదే మాత్ర పనిచేసింది.

ఇక్కడ నాకున్న అనుమానాలు కూడా చెప్పాలి. ఈ రెండు పరీక్షలూ పక్కపక్కన పెట్టి పోల్చదగినవి కావని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. వయసులు వేరు, విటమిన్ డి మోతాదు వేరు, ఆశ్రమంలో నర్సు చేతికిచ్చే మాత్ర వేరు, ఇంట్లో మర్చిపోయే మాత్ర వేరు. అమెరికా అధ్యయనంలోనే మాత్రలు సక్రమంగా వేసుకున్నవాళ్ళను విడిగా చూస్తే తుంటి విరగడం 29 శాతం తక్కువ. అయితే క్రమం తప్పకుండా మందు వేసుకునేవాళ్ళు మామూలుగానే ఒళ్ళు జాగ్రత్తగా చూసుకునేవాళ్ళు కాబట్టి ఆ అంకెను కూడా పూర్తిగా నమ్మలేం. 2017లో 33 పరీక్షలను, 51 వేల మందికి పైగా జనాన్ని కలిపి లెక్కకట్టినప్పుడు కూడా సొంత ఇళ్ళలో ఉండే పెద్దవాళ్ళకు ఈ మాత్రల వల్ల ఎముకలు విరగడం తగ్గిన దాఖలా కనబడలేదు. ఇది బలమైన సాక్ష్యం. నా వాదనకు ఇబ్బంది కలిగించేది కూడా.

అయినా ఆ తీర్పు మా పెద్దమ్మకు వర్తిస్తుందని అనుకోలేను. ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం బాగా తినే దేశాల్లో జరిగినవి. మన దగ్గర సంగతి వేరు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి పరిశోధకులు 2007లో అచ్చువేసిన అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న మన జనంలోనే తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ, అంత ఎండలోనూ విటమిన్ డి తక్కువ అని తేలింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులోని పేదింటి స్త్రీలను చూసినప్పుడు వాళ్ళకు రోజుకు 300 మిల్లీగ్రాములు కూడా అందడం లేదు. ఆ సంస్థే 2020లో పెద్దవాళ్ళకు కావలసిన కాల్షియాన్ని 600 నుంచి 1000కి పెంచింది. ముట్లాగిన స్త్రీలకు 1200. మూడోవంతు కూడా అందని మనిషికీ, ముందే సరిపడా అందుతున్న మనిషికీ ఒకే వార్త పంపితే ఎలా?

గుండెపోటు భయం కూడా గాలిలోంచి పుట్టింది కాదు. 2010లో న్యూజిలాండ్ పరిశోధకులు కాల్షియం ఒక్కటే ఇచ్చిన పరీక్షలను కలిపి చూసి, గుండెపోటు దాదాపు 30 శాతం ఎక్కువగా కనబడిందని రాశారు. మాత్ర మింగాక రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పెరగడం కారణం కావచ్చని వాళ్ళ ఊహ. తర్వాత వచ్చిన అధ్యయనాలు ఒకదానితో ఒకటి కలవలేదు. 2016లో అమెరికా ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఫౌండేషన్, అక్కడి హృద్రోగ నివారణ నిపుణుల సంఘం కలిసి, తిండి, మాత్రలు కలిపి రోజుకు 2000 నుంచి 2500 మిల్లీగ్రాములు దాటనంతవరకు గుండెకు ముప్పు లేదని ప్రకటించాయి. తిండిలోని కాల్షియం మీద మాత్రం ఆ అనుమానం అంతగా లేదు. కిడ్నీ రాళ్ళ విషయంలోనూ అంతే. భోజనంలో కాల్షియం తగినంత ఉన్నవాళ్ళకు రాళ్ళు తక్కువ, ఎందుకంటే రాళ్ళకు కారణమయ్యే ఆక్సలేట్‌ను అది పేగుల్లోనే పట్టేస్తుంది. రాళ్ళున్నాయని పాలు, పెరుగు మానేసేవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్ళు తమ ముప్పు తామే పెంచుకుంటున్నారు.

ఒంగోలు కంచం

మా పెద్దమ్మకు 68 ఏళ్ళు. ఒంగోలులో ఉంటుంది. మెసేజ్ రాగానే మాత్రలు ఆపిన వాళ్ళలో ఆమె ఒకరు. నేను వెళ్ళినప్పుడు ఇద్దరం వంటింట్లో కూర్చుని ఆమె ఒక రోజు తిండి లెక్కవేశాం.

పొద్దునా సాయంత్రం కాఫీ. రెండింటికీ కలిపి పాలు 120 మిల్లీలీటర్లకు మించవు. అంటే 140 మిల్లీగ్రాముల కాల్షియం. ఇడ్లీకి 20 వేద్దాం. రెండు పూటలకు పావుకిలో బియ్యం. బియ్యంలో 100 గ్రాములకు 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు కాబట్టి మొత్తానికి 25 లోపే. గుప్పెడు కందిపప్పుకు 30. బెండకాయో దొండకాయో కూరకు 40. మజ్జిగ దగ్గర పెద్దమ్మ పట్టుబట్టింది. "రెండు పూటలా మజ్జిగ పోసుకోందే నాకు అన్నం దిగదు కదమ్మా, అది లెక్కలోకి రాదా?" అంది. వస్తుంది. కాకపోతే అది గరిటెడు పెరుగులో చెంబుడు నీళ్ళు పోసి చిలికిన మజ్జిగ. నీళ్ళల్లో కాల్షియం లేదు కాబట్టి పెరుగు వరకే లెక్క, 80. అన్నీ కలిపితే 335.

ఆమెకు కావలసింది 1200.

పెద్దమ్మ తక్కువ తినే మనిషి కాదు, పేదరాలు కాదు. కడుపునిండా మూడు పూటలా తింటుంది. అయినా ఇదీ లెక్క. మీ ఇంట్లో ఒక రోజు కూర్చుని వేసి చూడండి, పెద్ద తేడా ఉండదని నా నమ్మకం. మన భోజనంలో సింహభాగం అన్నానిది, అన్నంలో కాల్షియం దాదాపు లేదు. రాగుల్లో 100 గ్రాములకు 360 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది. రాయలసీమలో సంకటి, ఉత్తరాంధ్రలో చోడి అంబలి, తెలంగాణలో తైదంబలి కంచంలోంచి వెళ్ళిపోయి ఆ జాగాలోకి తెల్లన్నం వచ్చినప్పుడు మనం పోగొట్టుకున్నది ఎంతో ఈ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

పూడ్చడం ఎలా అన్నది తర్వాతి మాట. గ్లాసుడు పాలు తాగమంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు, తాగితే కడుపుబ్బరం. పెద్దవయసులో చాలామందికి పాలు అరగవు, బలవంతపెట్టడంలో అర్థం లేదు. గట్టి పెరుగు కప్పుడు తింటానంది. సాయంత్రం కాఫీ బదులు రాగి జావ తాగుతానంది. ఆ రెండింటితో 600కి చేరుకుంది. నువ్వుల పొడి ఇడ్లీలోకి, కూరల్లోకి వేసుకుంటానని తనే అంది. నువ్వుల్లో కాల్షియం చాలా ఉన్నా ఆక్సలేట్లు, ఫైటేట్లు కొంత పట్టి ఉంచుతాయి కాబట్టి దాన్ని లెక్కలో వేయలేదు. ఆకుకూరల దగ్గర కూడా ఇదే చిక్కు. పాలలోని కాల్షియం సుమారు మూడోవంతు ఒంటికి పడితే, పాలకూరలోది ఇరవయ్యో వంతే పడుతుంది. మేక కాళ్ళ సూప్ సంగతి చాలామంది అడుగుతారు. ఎముకల్లోని కాల్షియం సూప్‌లోకి దిగేది చాలా కొద్ది. దానికంటే ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్ళు ఎంతో మేలు.

అంతా సర్దాక ఇంకా సగం లోటు మిగిలింది. అక్కడ మాత్ర కావాలి. ఒకటి, మధ్యాహ్నం భోజనం అవగానే. వాళ్ళ డాక్టర్ను అడిగితే సరేనన్నారు. మా చెల్లెలు పంపిన వార్త పెద్దమ్మకు ఎందుకు పనికిరాదో ఈ లెక్క చూశాక ఎవరికైనా తెలుస్తుంది. ఆ వార్త మా చెల్లెలికి మాత్రం నూటికి నూరుపాళ్ళూ పనికొస్తుంది. అక్కడ ఆమె తాగే బాదం పాలలో, తినే సీరియల్లో, తాగే ఆరెంజ్ జ్యూస్‌లో కూడా కాల్షియం కలిపే అమ్ముతారు. దాని మీద రోజూ రెండు మాత్రలు వేసుకుంటే రాళ్ళ ముప్పు కొని తెచ్చుకోవడమే.

ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ప్రయోగం నాకు ఈ విషయంలో పెద్ద ధైర్యం ఇచ్చింది. 2021లో ఫలితాలు వచ్చాయి. 60 వృద్ధాశ్రమాలు, 7,195 మంది. సగం ఆశ్రమాల్లో పాలు, పెరుగు, చీజ్ పెంచారు. రోజుకు 700 మిల్లీగ్రాముల కాల్షియం 1142కి చేరింది, ప్రొటీన్ కూడా పెరిగింది. రెండేళ్ళలో ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం తగ్గాయి. పడిపోవడం కూడా తగ్గింది. ఇందులో కాల్షియం వాటా ఎంత, ప్రొటీన్ వాటా ఎంత అని విడదీయలేం. తిండి గొప్పదనం అదే అనుకుంటాను. పెరుగు కప్పుతో కాల్షియం, ప్రొటీన్, ఫాస్ఫరస్ కలిసే వస్తాయి. మెగ్నీషియం, జింకు, విటమిన్ కె2 కలిపామని రెట్టింపు ధరకు అమ్మే మాత్రల మీద నాకు నమ్మకం లేకపోవడానికీ ఇదే కారణం. పప్పులు, పల్లీలు, చిరుధాన్యాలు తినే ఇంట్లో మెగ్నీషియం కోసం మాత్ర కొనక్కర్లేదు. పగడాల నుంచి తీశామని అమ్మేదీ కాల్షియం కార్బొనేటే.

మాత్ర చేయలేని పనులు

లోటు పూడ్చడం వరకే మాత్ర పని. మనం దానికి ఇంకా చాలా పనులు అప్పజెప్పాం.

మోకాళ్ళ నొప్పికి కాల్షియం రాయని ఊరు లేదు. మోకాలు నొప్పి పెట్టేది కీలు గుజ్జు అరిగి. కాల్షియం ఆ గుజ్జును తిరిగి తేలేదు. ఎముకలు గుల్లబారడం ఇంకో జబ్బు, దానికి నొప్పి ఉండదు. విరిగేదాకా తెలియదు. నొప్పి ఉంది కాబట్టి కాల్షియం వేసుకునేవాళ్ళు, నొప్పి తగ్గలేదని మానేసేవాళ్ళు, ఇద్దరూ సంబంధం లేని చోట వెతుకుతున్నారు.

పెద్దమ్మ సంగతే మళ్ళీ చెప్పాలి. ఆమెకు ఆ మాత్రలు రాసింది మణికట్టు విరిగినప్పుడు. బాత్‌రూమ్‌లో కాలు జారి చెయ్యి ఆనించింది, అంతే. నిలబడ్డ ఎత్తునుంచి పడినందుకే ఎముక విరిగిందంటే ఆ ఎముక బలహీనమైందని అర్థం. ఇంకో ఎముక, వెన్నుపూసో తుంటో, విరిగే ప్రమాదం బాగా పెరిగిందని కూడా అర్థం. ఆ ఆసుపత్రిలో కట్టు చక్కగా కట్టారు, కాల్షియం రాశారు, ఆరు వారాలకు కట్టు విప్పి పంపేశారు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ మాటే ఎత్తలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కాల్షియం రాసేస్తే ఎముకల సంగతి చూసేసినట్టే అని డాక్టరూ అనుకున్నారు, రోగీ అనుకుంది.

మేం పట్టుబట్టి తీయించాం. వెన్ను దగ్గర టి-స్కోర్, అంటే ఎముక సాంద్రత ఆరోగ్యవంతులైన యువతుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.5 కంటే దిగువకు వచ్చింది. అంటే ఆస్టియోపొరోసిస్ ఖాయం. దానికి వేరే మందులున్నాయి. వారానికి ఒకటి వేసుకునే అలెండ్రోనేట్ ఉంది, ఏడాదికోసారి సెలైన్లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. ఎముక విరిగే ప్రమాదాన్ని తగ్గిస్తాయని నిరూపణ ఉన్న మందులివి. కాల్షియం వాటికి తోడు మాత్రమే. అపార్ట్‌మెంట్ శిబిరంలో మడమకు చేసే అల్ట్రాసౌండ్‌తో ఈ జబ్బును నిర్ధారించరు, తుంటికీ వెన్నుకూ తీసే డెక్సాతో నిర్ధారిస్తారు. ఆ శిబిరంలో ముప్పై ఏళ్ళ అమ్మాయిని భయపెట్టి పంపారు. చెయ్యి విరిగిన మా పెద్దమ్మను ఎవరూ హెచ్చరించలేదు.

వేసుకునే పద్ధతి చెప్పకపోవడం ఇంకో లోపం. మా వదినకు థైరాయిడ్ ఉంది. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర, దానితోపాటే కాల్షియం, మర్చిపోకుండా ఉంటుందని రెండూ ఒకే డబ్బాలో పెట్టుకునేది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే పెరిగే అంకె) పెరుగుతూ పోయింది. డాక్టర్ మందు మోతాదు పెంచారు, మళ్ళీ పెంచారు. కాల్షియం థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వదని, రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలని చివరికి ఒక మందుల షాపు కుర్రాడు చెప్పాడు. ఐరన్ మాత్రలతోనూ, కొన్ని యాంటీబయాటిక్స్‌తోనూ ఇదే గొడవ. ఇంకో సంగతి. 500 అని పేరున్న మాత్ర అట్ట మీద చిన్న అక్షరాలు చదివితే 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని ఉంటుంది. అందులో 40 శాతమే అసలు కాల్షియం, అదే ఆ 500. ఒక్కసారికి అంతకుమించి మింగితే సరిగా ఒంటికి పట్టదు కాబట్టి రెండు కలిపి మింగి పెద్ద లాభం లేదు. కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి భోజనంతో వేసుకోవాలి. రోజూ గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకునేవాళ్ళకు ఆమ్లమే తక్కువ. వాళ్ళు కాల్షియం సిట్రేట్ రకం గురించి డాక్టర్ను అడగడం మంచిది.

విటమిన్ డి లేకుండా ఇదంతా సగం మాటే. లేత ఎండలో నిలబడితే చాలనే సలహా మనకు అలవాటు. తిరుపతిలో కొలిచి చూస్తే డి విటమిన్ బాగా తయారయ్యేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 లోపు ఎండలో. ఆ వేళకు మన ఆడవాళ్ళు వంటింట్లోనో ఆఫీసులోనో ఉంటారు. అందుకే 60,000 యూనిట్ల సాషేలు అంతగా అమ్ముడవుతున్నాయి. అది వారానికి ఒకటి, మామూలుగా ఎనిమిది వారాలు. రోజుకొకటి వేసుకుని రక్తంలో కాల్షియం మితిమీరి, వాంతులతో, కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల్లో చేరినవాళ్ళు మన దేశంలో ఉన్నారు. అదేమీ హార్లిక్స్ కాదు.

పాల కంటే మాత్ర చౌక

తిండితోనే సరిపెట్టుకోండని చెప్పేటప్పుడు నాకు ఒకచోట గొంతు పట్టేస్తుంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు రోజూ అర లీటరు పాలు తాగమని ఏ మొహంతో చెప్పను? ఆ ఇంట్లో ఆ పాలు ఐదుగురి టీకి సరిపోవాలి. రోజుకొక మాత్ర ఖర్చు అర లీటరు పాల ఖర్చులో చిన్న వంతు. లోటు తీవ్రంగా ఉండి డబ్బు లేని చోట మాత్ర న్యాయమైన దారి. మాత్రలన్నీ కంపెనీల మోసమని కొట్టిపారేసే ప్రకృతి వైద్య వీడియోలు ఈ మనుషులను లెక్కలోకి తీసుకోవు.

ఆవిడ కూతురు గర్భవతి అయినప్పుడు ఏఎన్ఎం కాల్షియం మాత్రలు ఇచ్చింది. 14వ వారం నుంచి కాన్పు అయ్యాక ఆరు నెలల వరకు రోజుకు రెండు, ఐరన్ మాత్రతో కలపకుండా. 2014 నుంచి జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న సంగతే ఇది. ఎముకల కోసమనే అందరూ అనుకుంటారు. అసలు ముఖ్య కారణం వేరు. కాల్షియం తక్కువ తినే చోట్ల ఈ మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరగడాన్ని, దానివల్ల వచ్చే ఫిట్స్ ముప్పును తగ్గిస్తాయి. తల్లి ప్రాణానికి సంబంధించిన విషయం. ఆ పిల్ల మాత్రలు బీరువాలో పడేసింది. కాల్షియం వేసుకుంటే బిడ్డ తల గట్టిపడి కాన్పు కష్టమవుతుందని వాళ్ళ అత్తగారు చెప్పిందట. బిడ్డ ఎముకలు తల్లి మాత్రతో అలా గట్టిపడవని నేను చెబితే నమ్మలేదు. బీపీ సంగతి ఏఎన్ఎం కూర్చోబెట్టి చెప్పాక మొదలుపెట్టింది. మాత్రలు ఎందుకో చెప్పే మనిషి దొరకడం మాత్రలు దొరకడమంత ముఖ్యం.

నల్గొండ అనుభవం మాత్రం మళ్ళీ కంచం వైపే మొగ్గుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పిల్లల కాళ్ళు వంకర్లు తిరిగిన సంగతి అందరికీ తెలుసు. తిండిలో కాల్షియం తక్కువైన ఒంటి మీద ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుందన్నది అంతగా ప్రచారంలోకి రాలేదు. నీళ్ళు మార్చడం మొదటి పని. దాంతోపాటే పిల్లల కంచంలో పాలు, గుడ్లు, రాగులు చేరాలి. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఈ కోవలోవే. ఆంధ్రలో 2023 నుంచి బడి పిల్లలకు రాగి జావ మొదలుపెట్టారు. ఏ పార్టీ పెట్టిందన్నది నాకు అనవసరం. అది నీళ్ళజావ కాకుండా చూడాలి, ప్రభుత్వం మారినా ఆగకూడదు.

హాస్టల్ పిల్లల సంగతి

ఎముకలు గట్టిపడేదంతా దాదాపు ఇరవై ఏళ్ళలోపే. ముప్పై దాటాక ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఈ సంగతి తెలిసీ మనం అరవై ఏళ్ళ వాళ్ళ మాత్రల గురించి ఇంత వాదించుకుంటూ, పదహారేళ్ళ పిల్లల గురించి మాట్లాడటం లేదు.

మా మేనకోడలు ఇంటర్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంటుంది. తెల్లారకముందే స్టడీ అవర్ మొదలవుతుంది, రాత్రి పదింటికి ముగుస్తుంది. ఎండ మొహం చూసేది హాస్టల్ నుంచి క్లాసుకు నడిచే ఆ కాస్త దూరమే. ఆటస్థలం లేదు. ఎముక మీద బరువు, అదురు పడితేనే అది గట్టిపడుతుంది. గెంతడం, పరుగెత్తడం, బరువులెత్తడం చేయని ఒంట్లోకి ఎంత కాల్షియం పోసినా సగం ఫలితమే. మెనూ అడిగితే ఫోన్లో చదివి వినిపించింది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాంబారు, బంగాళాదుంప వేపుడు, సాయంత్రం బిస్కెట్లు, టీ, రాత్రి మళ్ళీ అన్నం, పచ్చడి, నీళ్ళ మజ్జిగ. వారానికి రెండు గుడ్లు. పెద్దమ్మకు వేసిన లెక్కే ఈ పిల్లకూ వేస్తే 300 దాటలేదు. ఈ పిల్లకు కూడా కాల్షియం అంతే ముఖ్యం, ఎందుకంటే తన ఎముక ఇప్పుడే తయారవుతోంది.

మా అన్నయ్య నెలకోసారి వెళ్ళినప్పుడు జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఏదో పొడి డబ్బా, బాదం పప్పులు పట్టుకెళ్తాడు. ఈసారి రాగి లడ్డూలు, నువ్వుండలు పట్టుకెళ్ళాడు. రాత్రి భోజనంలో గట్టి పెరుగు పెట్టాలని, వారానికి ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులైనా కలిసి అడగాలని ఇంకో నలుగురితో మాట్లాడి వచ్చాడు. లక్షన్నర ఫీజు కట్టించుకునే చోట పిల్లకు కప్పుడు గట్టి పెరుగు పెట్టడం పెద్ద కోరిక కాదు. మీ పిల్లలు కూడా అలాంటి హాస్టల్లో ఉంటే ఈ ఆదివారం మార్కులు అడిగే ముందు మెనూ అడగండి. మజ్జిగ ఎంత చిక్కగా ఉందో, పిల్ల రోజులో ఎంతసేపు ఆరుబయట ఉంటోందో అడగండి. మీరు విన్నది కింద రాయండి. నాలుగైదు హాస్టళ్ళ మెనూలు చేరితే వాటికి కూడా లెక్క వేసి పెడతాను. మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్ళేటప్పుడు చేతిలో అంకెలు ఉంటాయి.